వేగం కూడా ఒక అమానతే

మదర్సాలో పాతికేళ్ళకు పైగా పిల్లలకు అరబీ వ్యాకరణమూ, హదీసూ బోధిస్తున్న మనిషి కార్ల గురించి వ్రాయడమేమిటని పాఠక సోదర సోదరీమణులకు సందేహం కలుగవచ్చు. ఆ సందేహం సహజమైనదే. మా తోటి ఉపాధ్యాయులు మమ్మల్ని ‘మోటారు మౌల్వీ సాహెబ్’ అని పరిహసిస్తూ ఉంటారు. ఇషా నమాజు ముగించుకుని మస్జిదు మెట్ల దగ్గర నిలబడినప్పుడు, వీధిలో పోయే కారు చప్పుడు విని దానిలో ఒక ప్లగ్గు సరిగా మండడం లేదని చెప్పగల అలవాటు మాకున్నది. ఇది గొప్పకు చెబుతున్న మాట కాదు. ఒక మోజును ముందుగానే ఒప్పుకుంటున్నాము. ఆ మోజు వలన మేము నేర్చుకున్నదీ, ఆ మోజు మత్తులో మేము చేసిన ఒక తప్పూ రెండూ ఇక్కడ చెప్పదలచాము. ఆ తప్పును పదకొండేళ్ళ పాటు ఎవరికీ చెప్పలేదు.

మా బాల్యంలో వేసవి సెలవులన్నీ విజయవాడ ఆటోనగర్‌లో గడిచాయి. మా అమ్మకు అన్నగారైన పెద్ద మామూ అక్కడ ఒక రేకుల షెడ్డులో మిస్త్రీ. నూనె త్రాగి నల్లబడిన నేల, ఎటుచూసినా విప్పిపెట్టిన ఇంజన్లు, డెంటింగు సుత్తుల మోత, సాయంత్రానికి గోళ్ళలో ఇరుక్కుపోయే గ్రీజు. పానాలు అందించడం మా పని. పన్నెండో నంబరు అడిగితే పదమూడు అందిస్తే మామూ మాట అనేవారు కాదు, చేయి అలాగే చాచి ఉంచేవారు. ఆ చేయి చూసి మేమే తప్పు తెలుసుకునేవాళ్ళం.

ఆనాడు మరమ్మతుకు వచ్చే వాటిలో అధికభాగం అంబాసిడర్లే. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను తీసుకుని కలకత్తా సమీపంలోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు తయారుచేసిన బండి అది. 1950ల చివర మొదలైన ఆ బండి ఉత్పత్తి 2014 దాకా సాగింది. దానితో పాటు ప్రీమియర్ పద్మిని వచ్చేది. దాని పుట్టుక ఇటలీ ఫియట్‌లో. 1983 డిసెంబరులో ఢిల్లీలో విడుదలైన మారుతి 800 రెండేళ్ళకు మా షెడ్డు దాకా వచ్చింది. మూడే సిలిండర్లు, 796 సీసీల చిన్న ఇంజను. అంబాసిడర్ ముందు అది గొర్రెపిల్లలా ఉన్నదని అందరూ నవ్వారు. మామూ మాత్రం దాని బానెట్ ఎత్తి చాలాసేపు చూసి, “ఇది నిలబడుతుంది” అన్నారు.

మామూ దగ్గర నేర్చుకున్న పాఠాలలో ఒకటి మా జీవితమంతా వెంట వచ్చింది. బండి కొనడానికి వచ్చినవారిలో ఇంజను గురించి అడిగేవాడికి బండి సగమే తెలుసనీ, బ్రేకు గురించి అడిగేవాడికి పూర్తిగా తెలుసనీ ఆయన అనేవారు. పెడల్ తొక్కితే గొట్టంలోని నూనె ఒత్తిడి చక్రం దాకా పోతుంది. అక్కడ షూలు విచ్చుకుని డ్రమ్మును అదుముతాయి. బండికున్న వేగమంతా ఆ రాపిడిలో వేడిగా మారుతుంది. వేడి మితిమీరితే షూలు పట్టు విడుస్తాయి. అప్పుడు ఎంత తొక్కినా బండి ఆగదు. ఈ సంగతి ఆయన పలక మీద బొమ్మ గీసి చెప్పలేదు. దిగువన నిలబెట్టిన బండి డ్రమ్ము మీద నీటిచుక్క వేసి, అది చుయ్యిమని ఎగిరిపోవడం చూపించారు.

బ్రేకుల పని పూర్తయిన ప్రతి బండినీ మామూ స్వయంగా నడిపి చూసేవారు. నడిపేటప్పుడు తన కుమారుణ్ణి పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఎందుకని ఒకసారి అడిగాము. “నా కొడుకును కూర్చోబెట్టలేని బండిని పరాయివాడి కొడుక్కు ఎలా ఇస్తానురా బేటా?” అన్నారు. ఆయన చదివింది నాలుగో తరగతి. తరువాతి కాలంలో అమానతు అనే పదానికి ఎన్ని గ్రంథాలలో ఎన్ని నిర్వచనాలు చదివినా, మాకు మొదట గుర్తుకు వచ్చేది ఆ మాటే.

పదహారో ఏట మమ్మల్ని ఉత్తరాదిన ఒక పెద్ద మదర్సాలో చేర్పించారు. పానాలు పోయి కితాబులు వచ్చాయి. కార్ల మీది ఇష్టం ఒక ప్రాపంచిక వ్యామోహమనీ, దానిని మనసులోనే అణచుకోవాలనీ అనుకున్నాము. అటువంటి సమయంలో హదీసు పాఠంలో గుర్రప్పందేల అధ్యాయం వచ్చింది. దైవప్రవక్త (స) మదీనాలో గుర్రాల మధ్య పరుగు పోటీలు పెట్టించారనీ, ఆ పోటీలలో హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) స్వయంగా పాల్గొన్నారనీ ఆ ఉల్లేఖనం తెలుపుతున్నది. శిక్షణ పొందిన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ విదా వరకు దీర్ఘమైన దూరం. శిక్షణ పొందని వాటికి అక్కడి నుండి బనూ జురైఖ్ మస్జిదు వరకు చిన్న దూరం. సామర్థ్యం ఎంత ఉంటే పరుగు అంత. ఆ పాఠం విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అణచుకోవలసింది ఇష్టాన్ని కాదనీ, దానికి ఒక హద్దు గీసుకోవాలనీ అర్థమయింది.

ఆ హద్దు ఏమిటో కూడా మా ఉస్తాద్ వివరించారు. మన తెలుగులో ‘పందెం’ అనే మాటకు రెండర్థాలున్నాయి. పరుగు పోటీనీ పందెమే అంటాము, డబ్బు ఒడ్డడాన్నీ పందెమే అంటాము. ధర్మశాస్త్రం ఈ రెంటినీ విడదీసింది. మేలైన గుర్రాన్నీ, నేర్పరి రౌతునూ తయారుచేసే పోటీకి అనుమతి ఉన్నది. గెలిచినవాడికి పాలకుడో, మూడో మనిషో బహుమానం ఇవ్వవచ్చు. ఇద్దరూ చెరికొంత ఒడ్డి ఒకరి సొమ్ము మరొకరు పట్టుకుపోయేది మాత్రం జూదం. నేటి కార్ల పందేలను కూడా ఈ కొలతతోనే చూడవచ్చునని మా అభిప్రాయం.

అక్కడే ‘అద్బా’ గురించి చదివాము. అది దైవప్రవక్త (స) వారి ఆడ ఒంటె. దానిని మించి పరుగెత్తినది లేదు. ఒకనాడు ఒక పల్లెటూరి అరబ్బు తన లేత వయసు ఒంటె మీద వచ్చి దానిని దాటిపోయాడు. సహాబాలకు మనసు కష్టమయింది. లోకంలో పైకెత్తబడిన ప్రతిదానినీ ఎప్పుడో ఒకప్పుడు దించడం అల్లాహ్ నియమమన్న భావంతో దైవప్రవక్త (స) వారిని ఓదార్చారు. వెనుకబడడం అవమానం కాదని ఆనాడు పుస్తకంలో చదివాము. అది మా ఒంటికి పట్టడానికి మరి ఇరవయ్యేళ్ళు పట్టింది.

చదువు ముగించి గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో ఉపాధ్యాయులుగా చేరాక, కార్ల పందేల వార్తలను పత్రికలలో వెతికి చదవడం మొదలుపెట్టాము. 1994 మే 1న ఇమోలాలో అయిర్టన్ సెన్నా మరణించాడు. ముందురోజే అదే బాట మీద రోలాండ్ రాట్జెన్‌బెర్గర్ మరణించాడు. ఆ దుర్ఘటనల తరువాత నిర్వాహకులు కన్నీరు పెట్టి ఊరుకోలేదు. బాటల మలుపులు మార్చారు, ఇంజన్ల శక్తికి కోత పెట్టారు, చక్రాలు మార్చుకునే పిట్ దారిలో సైతం వేగానికి పరిమితి విధించారు. నేటికీ గంటకు 300 కిలోమీటర్లు దాటే ఫార్ములా వన్ బండి పిట్ దారిలోకి రాగానే సాధారణంగా 80కి తగ్గాలి. అక్కడ మనుషులు నేల మీద నిలబడి ఉంటారు గనుక.

చదివినకొద్దీ ఒక సంగతి స్పష్టమయింది. 1911లో అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెంలో గెలిచిన రే హారూన్ తన బండికి వెనుక దారి చూపే అద్దాన్ని అమర్చుకున్నాడు. 1953లో ఫ్రాన్సులోని లెమాన్స్ 24 గంటల పందెంలో జాగ్వార్ బండ్లు డిస్క్ బ్రేకులతో గెలిచాయి. మిగతావారికన్నా ఆలస్యంగా బ్రేకు వేసి, అయినా భద్రంగా మలుపు తిరగగలగడం వాటి విజయానికి ముఖ్యకారణం. నేడు మన ఇళ్ళ ముందున్న కార్లలో ఆ అద్దమూ ఉన్నది, ఆ డిస్కూ ఉన్నది. పందెం నుండి మన ఇంటికి చేరవలసింది ఇవే. మన కుర్రవాళ్ళు మాత్రం వీటిని వదిలి వేగాన్ని ఒక్కదానినే ఇంటికి తెచ్చుకుంటున్నారు.

ఎడారి పందేల రారాజు డకార్ ర్యాలీ 2020 నుండి సౌదీ అరేబియాలో జరుగుతున్నది. ఖతర్‌కు చెందిన నాసిర్ అల్ అతియ్యా 2023 నాటికి దానిని అయిదుసార్లు గెలిచాడు. ఆయన 2012 లండన్ ఒలింపిక్స్‌లో తుపాకీ గురిలో కాంస్య పతకం పొందిన వ్యక్తి కూడా. ఆ ర్యాలీలో మాకు నచ్చిన నియమం ఒకటున్నది. వందల కిలోమీటర్ల ఇసుకలో ఎంత వేగంగానైనా పోవచ్చు. దారిలో జనావాసం వంటి చోటు వస్తే అక్కడ వేగ పరిమితి మొదలవుతుంది. మీరినవాడికి సమయంలో జరిమానా పడుతుంది. గెలిచే బండి కూడా పల్లె దగ్గర తల వంచుకుని పోవలసిందే.

ఇక సొంత బండి మాట. మా జీతంతో కారు కొనడం మాటలు కాదు. అప్పు ఇస్తామని ఇంటికి వచ్చి అడిగినవారున్నారు. వడ్డీ అప్పు కనుక వద్దన్నాము. మా ఇల్లాలు కుట్టుపని మీద వచ్చిన డబ్బూ, మేము సాయంత్రాలు ఇళ్ళకు వెళ్ళి ఖుర్ఆన్ నేర్పగా వచ్చిన హదియాలూ తొమ్మిదేళ్ళు కూడబెట్టి, 2009లో ఒక పాత మారుతి 800ను కొన్నాము. తెల్ల రంగు, ఎడమ తలుపుకు సొట్ట. ఇంటికి తెచ్చిన రాత్రి మూడుసార్లు లేచి వెళ్ళి చూసి వచ్చాము. మా ఇల్లాలు కిటికీలో నుండి గమనించి నవ్వుకున్నదట.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఒకటి ప్రదర్శనలో ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించబోగా, అది చేరేలోపే 1911లో ఆయన మరణించారు. సింహాసనం వంటి ఆసనం ఉన్న ఆ బండి ఉత్సవాలకు మాత్రమే బయటికి వచ్చేది గనుక చాలా కొద్ది మైళ్ళే తిరిగింది. దానిని చూసినప్పుడు మాకు మా సొట్ట తలుపు బండి గుర్తుకు వచ్చింది. మా బండిలో అర్ధరాత్రి పక్కింటి కోడలు కాన్పుకు వెళ్ళింది. మస్జిదు ముఅజ్జిన్ సాహెబ్ తల్లిని ఆసుపత్రి నుండి చివరిసారి ఇంటికి తెచ్చింది అందులోనే. ఈద్‌గాహ్‌కు నడవలేని ముసలివారిని నాలుగు విడతలుగా చేర్చేది. కారు విలువను మార్కెట్టు ఒక రకంగా లెక్కిస్తుంది, వీధి మరొక రకంగా లెక్కిస్తుంది. ఈ రెండో లెక్కలో మేము శ్రీమంతులమని లోలోపల గర్వించేవాళ్ళం. ఆ గర్వమే మమ్మల్ని పడవేసింది.

2012లో ఒక ఆదివారం. విజయవాడలో మామూను చూసి, ఎనిమిదేళ్ళ మా చిన్నవాడిని ముందు సీటులో కూర్చోబెట్టుకుని గుంటూరు వైపు వస్తున్నాము. మంగళగిరి దాటాక ఒక కొత్త కారు మమ్మల్ని దాటిపోతూ హారన్ మ్రోగించింది. అందులోని యువకుడు మా బండి వైపు చూసి ఏదో అని నవ్వాడు. చిన్నవాడు సీటులో ఎగిరి, “అబ్బా! మనమూ దాటుదాం” అన్నాడు. దాటాము. అతడు మళ్ళీ దాటాడు. మేము మళ్ళీ ఆక్సిలరేటరు తొక్కాము. స్పీడోమీటరు ముల్లు వంద దాటింది. చిన్నవాడు చప్పట్లు కొడుతున్నాడు. ఆ క్షణంలో మాకు నలభై రెండేళ్ళ వయసూ లేదు, చదివిన చదువూ లేదు. ఉన్నది ముందున్న కారు ఒక్కటే.

కాజ దాటిన తరువాత ఎడమ పక్క దారి నుండి ఒక మనిషి సైకిలు మీద రోడ్డెక్కాడు. సైకిలుకు రెండు వైపులా పాల క్యాన్లు. బ్రేకు తొక్కాము. అప్పటికే నాలుగైదుసార్లు గట్టిగా తొక్కి ఉన్నందున అది వేడెక్కి ఉన్నది. పెడల్ మెత్తగా దిగిపోయింది. ఆ మెత్తదనం అర్థమేమిటో ఆటోనగర్‌లోని ఆ నీటిచుక్క మాకు ఎప్పుడో చెప్పింది. గేరు తగ్గించి, బండిని కుడికి కోశాము. మా అద్దం ఆయన హ్యాండిలుకు తగిలింది. మనిషి, సైకిలు, క్యాన్లు పక్క కాలువలోకి ఒరిగాయి.

దిగి చూశాము. ఆయన లేచి కూర్చున్నాడు. చేతి వేళ్ళ మీద రక్తం. పాలు మట్టిలో పారుతున్నాయి. “ఏమయింది? లేవగలవా?” అన్నాము. లేవగలనన్నట్టు తల ఊపాడు. జనం వస్తున్నారు. మా గడ్డం, టోపీ వారందరికీ కనిపిస్తాయి. మౌల్వీ సాహెబ్ పందెం పెట్టుకుని మనిషిని గుద్దాడన్న మాట ఊరంతా పాకుతుంది. ఇదే మా తలలో తిరిగిన ఆలోచన. జేబులో ఉన్న రెండు వందలు ఆయన చేతిలో పెట్టి బండెక్కాము. అయిదు కిలోమీటర్లు వచ్చాక చిన్నవాడితో, “అమ్మీకి చెప్పకు” అన్నాము.

చట్టం దృష్టిలో ఆ వెళ్ళిపోవడం నేరం. అల్లాహ్ హక్కులలో జరిగిన లోపానికి తౌబా చేసుకోవచ్చు. సాటి మనిషి హక్కు మాత్రం ఆ మనిషి క్షమిస్తేనే తీరుతుందని ప్రతి సంవత్సరం తరగతిలో చెప్పే మనుషులం మేము. ఆ పాఠం వచ్చినప్పుడల్లా మా గొంతు సన్నబడేది. పిల్లలు గమనించారో లేదో తెలియదు.

2022లో చిన్నవాడికి పద్దెనిమిది నిండాయి. లైసెన్సు వచ్చిన రెండో నెలలో స్నేహితుడి కారు తీసుకుని, మరొక కారుతో పోటీపడి, కల్వర్టు గోడకు కొట్టాడు. వాడికి పెదవి చిట్లింది. పక్కన కూర్చున్న స్నేహితుడి కాలి ఎముక విరిగింది. ఆసుపత్రి వసారాలో ఆ పిల్లవాడి తల్లి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికి వచ్చాక మేము ఆగ్రహంతో ఉపన్యాసం మొదలుపెట్టాము. ప్రాణం అమానతు అన్నాము, తల్లిదండ్రుల పరువు అన్నాము. చిన్నవాడు అంతా విని, తల ఎత్తకుండానే, “ఆ రోజు కాజ దగ్గర మీరు కూడా అంతే కదా అబ్బా” అన్నాడు.

మా ఇల్లాలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు ఏమీ తెలియదు. మాకు మాట రాలేదు. లేచి వుజూ చేసుకోవడానికి వెళ్ళాము. నమాజు కోసం కాదు, ఆ గదిలో కూర్చోలేక. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఆ ఆదివారం మేము రెండు పాఠాలు నేర్పాము. రోడ్డు మీద గెలవాలన్నది ఒకటి. గెలవబోయి ఎవరినైనా పడవేస్తే దాచాలన్నది రెండు. పదేళ్ళ తరువాత వాడు మొదటిది అప్పజెప్పాడు. నయమేమిటంటే, రెండోదానిని అప్పజెప్పలేదు. స్నేహితుణ్ణి వదలి పోకుండా ఆసుపత్రికి మోసుకువెళ్ళాడు. ఆ విషయంలో వాడు మాకన్నా మేలు.

కొన్ని నెలలు ఇంట్లో మాటలు తక్కువగా నడిచాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరుగుతుందని తెలిసినప్పుడు, రెండు టిక్కెట్లు కొని ఒకటి వాడి పుస్తకంలో పెట్టాము. విద్యుత్తుతో నడిచే బండ్ల ప్రపంచ పందెం మన దేశంలో జరగడం అదే మొదలు. లుంబినీ పార్కు, సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్ పరిసరాల దారులను మూసి, కాంక్రీటు గోడలు నిలిపి, 2.8 కిలోమీటర్లకు పైగా బాటను సిద్ధం చేశారు. మొత్తం 18 మలుపులు. పెట్రోలు వాసన లేదు, ఉరుము లేదు. ఈలవంటి సన్నని ధ్వనితో బండ్లు దూసుకుపోతున్నాయి. మా వంటి పాతకాలపు వారికి మొదట అది ఉప్పులేని బిర్యానీలా తోచింది.

చిన్నవాడు ఆ బండ్ల గురించి చదువుకుని వచ్చాడు. వివరించడం మొదలుపెట్టాడు. ఈ తరం బండ్లకు వెనుక చక్రాల దగ్గర మనం ఎరిగిన నూనె బ్రేకులు లేవట. వేగం తగ్గించినప్పుడు మోటారే జనరేటరుగా మారి, ఆ వేగాన్ని తిరిగి కరెంటుగా బ్యాటరీలో నింపుతుంది. పందెంలో ఖర్చయ్యే శక్తిలో 40 శాతానికి పైగా ఈ విధంగానే తిరిగి వస్తుందని తయారుచేసినవారి లెక్క. మామూ డ్రమ్ము మీద చుయ్యిమని ఎగిరిపోయిన ఆ వేడిని ఇక్కడ పోనివ్వకుండా పట్టుకుంటున్నారన్నమాట. “అంటే బ్రేకు వేసినవాడికే ముందుకు పోయే శక్తి మిగులుతుంది” అన్నాడు వాడు. చెప్పి ఆగిపోయాడు. మేమూ ఏమీ అనలేదు.

ఆ పందెంలో జాగ్వార్ జట్టుకు చెందిన రెండు బండ్లు ఒకదానినొకటి ఢీకొన్నాయి. ఒకే యజమాని బండ్లు. తోటివాడినే దాటాలనుకుని లోపలికి దూరిన క్షణంలో ఇద్దరి ఆశలూ పోయాయి. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ ప్రథముడయ్యాడు. చివరి చుట్లలో వెనుకనే తరుముతున్న నిక్ కాసిడీ కన్నా అతని బ్యాటరీలో మిగిలిన శక్తి తక్కువ. ఎక్కడ తొక్కాలో ఎక్కడ వదలాలో లెక్కపెట్టుకుంటూ, ఉన్నదానిని పొదుపుగా వాడుకుని అతడు గీత దాటాడు. గోడల మధ్య, హెల్మెట్టు ధరించి, అంబులెన్సులు సిద్ధంగా ఉండగా, ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన మనుషులు చేసే పని అది. అక్కడ పాల క్యాన్లతో ఎవరూ రోడ్డెక్కరు.

అస్ర్ నమాజు చేసుకుని తిరుగు బస్సెక్కాము. సూర్యాపేట దాటాక, మేము ఆ ఆదివారం సంగతి మొదటి నుండి చివరి దాకా మా నోటితో మేమే చెప్పాము. వాడు చూసినదే అయినా చెప్పాము. భయపడ్డామని చెప్పాము. పరువు కోసం పారిపోయామని చెప్పాము. ఇంటికి వచ్చాక మా ఇల్లాలికి కూడా చెప్పాము. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, “ఆ మనిషి ఎక్కడ ఉంటాడో వెతికారా?” అని అడిగింది.

మరుసటి వారం తండ్రీకొడుకులం ఆ బండిలోనే కాజ వైపు వెళ్ళాము. పాల కేంద్రంలో అడిగితే రెండు గంటలలో ఆచూకీ దొరికింది. పదకొండేళ్ళు దొరకదని మేము అనుకున్నది రెండు గంటల పని. ఆయన ఇంటి ముందు గేదెకు గడ్డి వేస్తున్నాడు. మేమెవరమో చెప్పాము. కుడిచేయి చూపించాడు. చిటికెన వేలు వంగదు. “పాలు పిండే చేయి సాయిబు గారూ. సంవత్సరం పాటు మా ఆవిడే పిండింది” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదని అనిపించింది.

తెచ్చిన సొమ్ము ముందు పెట్టాము. ఆయన భార్యను పిలిచాడు. ఇద్దరూ కలిసి ఆనాటి పాల వెల, కట్టు కట్టిన డాక్టరు ఫీజు, సైకిలు చక్రం ఖరీదు, పని పోయిన రోజులు లెక్కపెట్టారు. మేము తెచ్చినదానికన్నా కొంచెం ఎక్కువే తేలింది. మిగిలినది మరుసటి నెల తెచ్చి ఇచ్చాము. క్షమించమని అడిగాము. “సరే లెండి, వచ్చారు కదా” అన్నాడు. బయలుదేరేటప్పుడు స్టీరింగు ముందు కూర్చున్న మా చిన్నవాడి కిటికీ దగ్గరకు వచ్చి, “బాబూ, ఈ ఊరు దాటేదాకా మెల్లగా పో” అన్నాడు.

పాఠక మిత్రులారా! మన దేశంలో 2022 సంవత్సరంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అతివేగమే వాటికి ప్రధాన కారణమని ఆ నివేదికే చెబుతున్నది. మైనరు పిల్లల చేతికి బండి ఇచ్చి, దాని వలన నేరం జరిగితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం తండ్రికి లేదా సంరక్షకుడికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. పండుగ రాత్రి పధ్నాలుగేళ్ళ పిల్లవాడికి తాళం చేతులు ఇచ్చి ముచ్చట పడే తండ్రులు ఇది తెలుసుకోవాలి. అయితే చట్టం కన్నా ముందు పిల్లవాడు మన పాదాన్ని చూస్తున్నాడు. మనం ఏ పెడల్ మీద ఎంతసేపు ఉంచుతామో పక్క సీటులో కూర్చుని నేర్చుకుంటున్నాడు.

కార్ల మీది మోజు మాకు పోలేదు. పోవాలని కోరుకోవడమూ లేదు. పందేల వార్తలు ఇప్పటికీ చదువుతాము, తండ్రీకొడుకులం వాదించుకుంటాము. పిల్లలలో ఆ ఇష్టం ఉంటే తిట్టి అణచవద్దనీ, బానెట్ ఎత్తి చూపించమనీ, ఒక మంచి మిస్త్రీ దగ్గర పది రోజులు కూర్చోబెట్టమనీ మా సలహా. వేగం ఎక్కడ పుడుతుందో చూసిన పిల్లవాడికి అది ఎక్కడ ఆగాలో కూడా చూపించవచ్చు.

మా మారుతికి ఇప్పుడు కొత్త బ్రేకు షూలు వేయించాము. ముందు సీట్లకు పట్టీలున్నవి, అవి లేనిదే బండి కదలదు. ఉదయం చిన్నవాడు మమ్మల్ని మదర్సా దగ్గర దింపుతాడు. ప్రయాణ దుఆ చదివి, గేరు వేసే ముందు బ్రేకు ఒకసారి తొక్కి చూస్తాడు. ఎవరైనా హారన్ మ్రోగించి దాటిపోతే, దారి ఇస్తాడు. అప్పుడప్పుడు మేమే పక్క సీటులో కూర్చుని, తెలియకుండా కుడికాలితో నేలను తొక్కుతూ ఉంటాము. వాడు చూసి నవ్వుతాడు.